గోడ నడుమ గొంతు

సీనివాసన్ గారి మేడ మీది గదిలో రెండు కాపురాలు ఉండేవి. ఒకటి సినిమాది, ఒకటి పాటది. రెండింటికీ ఒక్క పూటైనా పొసగేది కాదు. సినిమా పెడితే కిటికీ అద్దాలు గజగజలాడేవి, చూడవచ్చిన చుట్టాలు ఆహా ఓహో అని కాఫీ తాగి పోయేవాళ్ళు. వాళ్ళు పోయాక ఆయన ఒక్కడే కూర్చుని పాత పాట ఏదైనా పెడితే, పాడే ఆమె బాత్రూములో తలుపేసుకుని పాడుతున్నట్టు వినిపించేది. గది కట్టిచ్చిన కంపెనీ వాళ్ళు రెండేళ్ళ పాటు ఫోన్లోనే దాన్ని బాగుచేస్తూ వచ్చారు.

విరుదునగరంలో పప్పు మిల్లు, కడంబూరు పక్కన పుంజ అనే తాతల నాటి నల్లరేగడి మెట్ట చేను, మేడ, కారు అన్నీ ఉన్న మనిషికి ఒక్క పాట సరిగ్గా వినే యోగం లేకపోయింది. చివరికి ఎవరో చెప్పారు. కోవిల్‌పట్టిలో ఆనందరాజ్ అని ఒకడున్నాడు, గదిలోకి వచ్చి ఒక్కసారి చప్పట్లు కొట్టి రోగం చెప్పేస్తాడు అని.

ఆనందరాజ్ వచ్చాడు, గది మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆ చప్పుడు గోడకూ గోడకూ మధ్య గదిలో ఇరుక్కున్న పిచ్చుకలా రెక్కలు కొట్టుకుంది. అతను పెద్ద టీవీ వైపు చూశాడు, మూలల్లో కుక్కిన స్పీకర్ల వైపు చూశాడు, వెనక గోడకు ఆనించిన సోఫాల వరస చూశాడు.

"సార్, సినిమాకు పదిమంది కూర్చోవచ్చు. పాటకు ఒక్కరే కూర్చోవాలి. ఆ ఒక్కరి చోటు ఈ గదిలో లేదు" అన్నాడు తమిళంలో.

ఆ మాటతో సీనివాసన్ గారు పడిపోయారు. గది మొత్తం నీ ఇష్టం అన్నారు.

ఆనందరాజ్‌కు నలభై ఆరేళ్ళు. ఊరి తిరునాళ్ళకు స్తంభాల మీద గొట్టం స్పీకర్లు కట్టే పనితో మొదలుపెట్టినవాడు. చదువు అంతంత మాత్రం, చెవులే అతని సర్టిఫికెట్లు. ఇలాంటి గదులు అప్పటికి డజనుకు పైగా కట్టాడు. సరైన గదిలో సరైన చోట కూర్చుంటే, పాడేవాళ్ళ గొంతు రెండు పెట్టెల్లోంచి రాదు. రెండింటికీ మధ్య, ఏమీ లేని గోడ ముందు, మనిషి వచ్చి నిలబడినట్టు నిలబడుతుంది. ఎందరి గొంతులనో అతను అలా నిలబెట్టాడు. నిలబెట్టనిది ఒక్కటే, తల్లి గొంతు.

తల్లి ముత్తుప్పేచ్చి పోయి పదకొండేళ్ళయింది. ఆమెది ఫోటో అయినా సరిగ్గా లేదు, రేషన్ కార్డులో ఉన్నది బొగ్గు మచ్చలా ఉంటుంది. ఉన్నదల్లా ఒక క్యాసెట్. సౌండ్ సర్వీసులో పనికి చేరిన కొత్తలో, యజమాని టేప్ రికార్డరు ఒక పూటకు ఇంటికి తెచ్చుకుని, అరుగు మీద పత్తిలో చెత్త ఏరుతున్న తల్లి చేత ఒక పాట పాడించి పట్టుకున్నాడు. పాట నాలుగు నిమిషాలు. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, రొద తీసి, గాజుపాత్రలా కాపాడుకుంటున్నాడు. కానీ అతని ఇల్లు రేకుల ఇల్లు, రెండే గదులు. అక్కడ అమ్మ ఎప్పుడూ పెట్టెలోంచే పాడేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అమ్మ గోడ ముందు నిలబడి పాడితే వినాలని అతని ఆశ. కట్టిన డజను గదుల్లో ఏ ఇంటివాళ్ళనూ ఆ మాట అడగడానికి నోరు రాలేదు.

పని మొదలైన మూడో రోజు భార్య పరమేశ్వరి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ నుంచి ఫోన్ చేసింది. ఆనందరాజ్ గోడకు పలక బిగిస్తున్నాడు. చేతులు ఖాళీ లేక ఫోన్ స్పీకర్లో పెట్టి, ఒళ్ళు మరిచి తెలుగులో జవాబిచ్చాడు.

"నా కోసరం కాసుకోవాకు, తినేసి పండుకో. ఈడ ఇంకా వేల ఉండాది."

పనిని 'వేల' అనే ఇంటి తెలుగు అది. బయట తెలుగు మాట్లాడకూడదని ఎవరూ చట్టం చేయలేదు. అయినా తరాలుగా ఆ తమిళ సీమలో ఉన్న తెలుగువాళ్ళ తెలుగు గడప దాటదు, దాటితే తమిళమే. ఎందుకంటే తెలుగు నోట్లోంచి ఊడిపడగానే ఎదుటి తెలుగువాడు అడిగే మొదటి మాట 'ఏ ఊరు', రెండో మాట 'మీరు ఎవురోళ్ళు'. పుంజ ఉన్నవాళ్ళదీ తెలుగే, ఆ పుంజలో నడుము వంచేవాళ్ళదీ తెలుగే. భాష ఒకటే, వీధులు వేరు. ఆనందరాజ్ వాళ్ళ వీధి ఊరికి బయట, కాలనీ అని పిలిచే చోట ఉండేది.

సీనివాసన్ గారు గుమ్మంలో నిలబడి విన్నారు. ముఖం వికసించింది.

"అట్ల సెప్పు! నువ్వు మనోడా అబ్బా! ఇన్ని దినాలు నాతో అరవం మాట్లాడతా ఉండావే! ఏ ఊరు?"

"కడంబూరు పక్కన సార్."

"మా పుంజ కూడా ఆడనే కదప్పా! ఇంక సార్ గీర్ వద్దు. అన్నా అను."

రెండో మాట ఆయన అడగలేదు. అడగాలని తోచలేదు కూడా. ఇంత చేతిపని ఉన్నవాడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నవాడు, తెలుగు మాట్లాడేవాడు తనవాడు కాక ఇంకెవడవుతాడు అనుకున్నారు. జవాబు ఆయనే చెప్పేసుకున్నారు. ఆనందరాజ్ కాదనలేదు. తప్పు పట్టేవాళ్ళు పట్టండి. పని చేసిన ఇళ్ళలో పెరటి వైపు పొట్లాం విప్పుకుని తిన్నవాడిని, ఆ మధ్యాహ్నం చెయ్యి పట్టి లోపలికి తీసుకుపోయి బల్ల ముందు కూర్చోబెట్టారు. సీనివాసన్ గారి తల్లి పాపమ్మాళ్‌కు ఎనభై దాటాయి, కళ్ళకు పొరలు కమ్మి మనుషులు నీడల్లాగే కనిపిస్తారు, చెవులు మాత్రం పాము చెవులు. ఆ ముసలామె తడుముకుంటూ వచ్చి అతని విస్తట్లో నెయ్యి పోసింది. "తిను నాయినా, ఎండలో వచ్చినావు" అంది. అతను తలెత్తకుండా తిన్నాడు.

ఇంటికి పోయి ఈ సంగతి చెబితే పరమేశ్వరి ముఖం మాడ్చుకుంది.

"వాళ్ళు అడిగేదానికి ముందే సెప్పేయి. తర్వాత తెలిసిందంటే దొంగ మాదిరి నిలబడతావు."

"అడగలేదు కదా. అడిగితే సెప్తా."

"నీకు నెయ్యి రుచి తగిలిండాది" అంది ఆమె.

నలభై రోజులు పని చేశాడు. మిల్లుల నుంచి పత్తి వ్యర్థం తెప్పించి, చెక్క చట్రాల్లో కూరి, పైన ఖద్దరు బిగించి గోడలకు తగిలించాడు. టీవీ ముందు మందపాటి తెర పెట్టాడు, పాట వినేటప్పుడు మూసుకోవడానికి. ముందరి స్పీకర్లను మూలల్లోంచి లాగి గోడకు దూరంగా నిలబెట్టాడు. వాటికి పాట కోసం వేరే ఆంప్లిఫయరు. సినిమాకు సినిమా యంత్రం, పాటకు పాట యంత్రం, స్పీకర్లు మాత్రం ఇద్దరికీ అవే. "కాపురాలు ఒకే ఇంట్లోనే అన్నా, పొయ్యిలు వేరే పెట్టినా" అంటే సీనివాసన్ గారు పొట్ట పట్టుకుని నవ్వారు.

అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టింది కుర్చీకి. కోవిల్‌పట్టి వడ్రంగి తంగసామి చేత టేకుతో చేయించాడు. వీపు ఆనే పలక భుజాల కిందనే ఆగిపోతుంది.

"ఇంత పొట్టిగానా? తల ఆనించుకునేదానికి ఉండొద్దా?" అన్నారు సీనివాసన్ గారు.

"సెవుల ఎనకాల ఏమీ ఉండకూడదన్నా. ఉంటే సత్తం దానికి తగిలి తిరిగొస్తాది. గొంతు నిలబడదు."

ఆ కుర్చీలో కూర్చుని వినడం, లేవడం, కుర్చీని వేలెడు ముందుకు జరపడం, సుద్దతో గీత గీయడం, మళ్ళీ కూర్చోవడం. ఇదే పని. భుజం మీద ఎప్పుడూ ఒక తుండు ఉండేది, చెమట తుడుచుకోవడానికి. అది ఉత్త చెమట గుడ్డ కాదు. అతని తండ్రి మాడన్, పుంజ గలవాళ్ళు ఎదురైతే భుజం మీది తుండు తీసి చంకలో పెట్టుకునేవాడు. అలా పెట్టుకోకపోతే అడిగేవాళ్ళు ఉండే కాలం. ఆనందరాజ్ ఇరవయ్యో ఏట ఒట్టు పెట్టుకున్నాడు, నా తుండు ఎవరి ముందూ దిగదని.

ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర అమ్మ క్యాసెట్ సంగతి అతని నోట్లోంచి జారింది. సీనివాసన్ గారు చెంబు కింద పెట్టి అన్నారు, "వేల ముగిసిన దినం ఈ గదిలో మొదటి పాట్టు మీ అమ్మదే. మొదట కూకునేది నువ్వే. ఇది నా మాట."

మాట నిలబెట్టుకున్నారు. అది కాదనడానికి వీల్లేదు.

పని ముగిసిన రోజు తెర మూశారు, తలుపు వేశారు. ఆనందరాజ్ కుర్చీలో కూర్చున్నాడు. సీనివాసన్ గారు వెనక నిలబడ్డారు. మొదట అరుగు మీద కాకి కూత, గాజుల చప్పుడు, పత్తి గింజ పళ్ళెంలో పడ్డ చప్పుడు. తర్వాత అమ్మ వచ్చింది. పెట్టెలోంచి కాదు. రెండు స్పీకర్ల నడుమ, గోడకు అడుగు ఇవతల, కూర్చున్న మనిషి నోరు ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో.

నల్లరేగడి దున్ని నాటితిమి పత్తి
తెల్లగా పండెనే తెల్లారకుండ
ఏరి ఏరి నా వేలు ఎర్రబారేనే
మూటలు మీ ఇంటికి, ముండ్లు మా చేతికి

ఊపిరి పీల్చడం వినిపించింది. రెండో చరణం ముందు ఆమె గుటక వేయడం వినిపించింది. ఆనందరాజ్ ఏడ్చాడు. నలభై ఆరేళ్ళ మనిషి, పరాయి ఇంట్లో, సిగ్గు లేకుండా ఏడ్చాడు. పదకొండేళ్ళ దుఃఖం అంతా ఆ నాలుగు నిమిషాల్లో కరిగి, చివర సంతోషమే మిగిలింది.

"లేయ్ అబ్బా, నేనూ వింటా" అని సీనివాసన్ గారు కూర్చున్నారు. మొదటి చరణానికే ఆయన కళ్ళు చెమర్చాయి.

"మన పెద్దోళ్ళ తెలుగు చూడు. ఇట్లాంటి మాట మన పిల్లకాయల నోట ఇంక వస్తాదా? ఇది మన సొత్తు. దీన్ని ఈ డిస్కులో ఎక్కించి ఉంచు."

ఆ మూటలు ఎవరింటికి పోయాయో పాటలో ఉన్నది ఆయన చెవికి ఎక్కలేదు. ఆనందరాజ్ పాటను గదిలోని పాటలన్నీ దాచే డిస్కులో ఎక్కించాడు. మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు, ఈసారి తలుపు తీసి ఉంది.

పాపమ్మాళ్ మెట్ల మీద చెయ్యి ఆనించుకుంటూ వచ్చింది. గుమ్మంలో ఆగిపోయింది. పొరలు కమ్మిన కళ్ళు గోడ నడుమకు, మనిషి నిలబడ్డ చోటుకే తిరిగాయి.

"ముత్తుప్పేచ్చి! నువ్వు ఎప్పుడొస్తివే?" అంది.

ఇద్దరూ కొయ్యబారిపోయారు.

"ఏ ముత్తుప్పేచ్చి అమ్మా?" అన్నారు సీనివాసన్ గారు.

"మన పుంజలో పత్తి ఏరే ముత్తుప్పేచ్చిరా. కాలనీ మాడన్ పెండ్లాము. గట్టు మీద కూకోని ఈ పాట్టు నేను ఎన్ని దినాలు విన్లేదు! అది సచ్చిపాయె అంటిరే?"

ఆ ముసలామె గొంతులో ఉన్నది సంతోషమే. పాత మనిషి వినబడిందన్న సంతోషం. పాడు టేపులో, పాడు గదిలో అయితే ఆమె గుర్తుపట్టి ఉండేది కాదు. ఆనందరాజ్ నలభై రోజులు వేలెడు వేలెడు జరిపి గొంతును అంత శుభ్రంగా నిలబెట్టాడు, అదే అతన్ని పట్టిచ్చింది.

"అయితే నువ్వు మాడన్ కొడుకా?" అంది పాపమ్మాళ్ నీడ వైపు తిరిగి.

"అవును సామీ" అన్నాడు ఆనందరాజ్.

సామీ. ఆ మాట అతను జన్మలో ఎవరినీ అనలేదు. తండ్రి నోట్లోని మాట అతని నోట్లోకి ఎట్లా వచ్చిందో తెలియదు. చూసుకుంటే తుండు భుజం మీద లేదు, చంకలో ఉంది. చెయ్యి తనంతట తనే తీసి పెట్టేసింది. ఎవరూ అడగకుండానే, ఎవరూ కసరకుండానే. ఎదుటివాళ్ళ మీద వచ్చే కోపం అరుగుతుంది. తన మీద తనకు వచ్చిన ఆ కోపం అతనికి ఈనాటికీ అరగలేదు.

సీనివాసన్ గారు కుర్చీలోంచి లేచారు. తిట్టలేదు. వెనక్కు తిరిగి ఒక్కసారి కుర్చీ వైపు చూశారు. తర్వాత, "సరిప్పా, పని బాగా వచ్చింది" అన్నారు. తమిళంలో అన్నారు. నలభై రోజుల తెలుగు అక్కడితో మూసుకుంది. ఆ సాయంత్రం కాఫీ పేపరు కప్పులో వచ్చింది.

నెల తర్వాత ఫోన్ వచ్చింది, అదీ తమిళంలోనే. సినిమా బాగానే ఉందట. పాటలే చెడిపోయాయట. "ముఖ్యంగా ఆ పత్తి పాట. గొంతు నడుమ నిలబడటం లేదు, అలికినట్టు అయిపోతోంది. ఆదివారం మా సంఘం పెద్దలు వినడానికి వస్తున్నారు. వచ్చి చూడు."

"పోవాకు" అంది పరమేశ్వరి. "ఏరు దాటినాక తెప్ప తగలేసినోళ్ళు, మళ్ళీ ఏరు వచ్చిందని పిలుస్తా ఉండారు."

"అమ్మ గొంతు పాడైపోతా ఉండాదంటనే."

ఆమె మెల్లగా అంది, "అట్లయితే పో. పోయి బాగు సేసేది కాదు, ఆ డిస్కులోనించి తీసేసి రా. అత్త బతికిన దినాలన్నీ వాళ్ళకు సాకిరీ సేసింది. సచ్చినాక అయినా ఇంటికి తీసుకొని రా."

అదే సరి అనుకున్నాడు. తీసేయాలి, ఇంటికి తీసుకురావాలి. దారి పొడుగునా అదే అనుకుంటూ పోయాడు.

బండి ఆపడానికి జనరేటరు షెడ్డు పక్కకు పోతే, తంగసామి చేసిన టేకు కుర్చీ అక్కడ కనిపించింది. గోడ వైపు తిప్పి, పైన పెయింటు డబ్బాలు పేర్చి ఉంది. కాపలా ఉండే పాలసామి అటు చూసి, ఇటు చూసి, "స్ప్రింగు పోయిందని కిందికి దించారు" అన్నాడు. ఆ కుర్చీకి స్ప్రింగే లేదు.

పైన గదిలో కుల సంఘం పెద్దలు ఇద్దరు సోఫాలో కూర్చుని ఉన్నారు. గుమ్మం పక్కన ఒక ప్లాస్టిక్ స్టూలు వేసి ఉంది. అది ఎవరికో ఆనందరాజ్‌కు చెప్పనక్కర లేదు. సుద్ద గీతల మధ్య, టేకు కుర్చీ ఉండాల్సిన చోట, కొత్త తోలు కుర్చీ. వీపు తలకంటే జానెడు ఎత్తు. తోలు అద్దంలా మెరుస్తోంది. చప్పట్లు కొట్టే పని కూడా లేకపోయింది, రోగం కళ్ళకే కనిపించింది.

"నేను కూర్చుని వినాలి సార్" అన్నాడు, ఊరికే, ఏమంటారో చూద్దామని.

సీనివాసన్ గారు పెద్దల వైపు చూశారు. "నిలబడి చూడలేవా?"

ఆనందరాజ్‌కు నవ్వు వచ్చింది. డిస్కు బల్ల మీదనే ఉంది, పాటలు ఎంచుకునే టాబ్లెట్ దాని పక్కనే. రెండు తాకుళ్ళలో అమ్మను తీసేసి బయటికి నడిచిపోవచ్చు. అందుకే కదా వచ్చింది. కానీ పాట అప్పటికే నడుస్తోంది. అమ్మ గొంతు తోలుకు తగిలి, చీలి, రెండు చెవుల దగ్గరా చెదిరిపోతోందని అతనికి తెలుసు. ఆ గొంతును అట్లా వదిలి పోవడం అతని వల్ల కాలేదు. పనివాడి పాడు బుద్ధి అది.

భుజం మీది తుండు తీశాడు. ఈసారి తన చేతితో, తెలిసి తీశాడు. దులిపాడు, రెండు మడతలు వేశాడు, తగిలిన చప్పుడును మింగేలా, తోలు కుర్చీలో తల ఆనే చోట ఇటు నుంచి అటు కప్పాడు.

"ఇప్పుడు కూర్చోండి సార్."

సీనివాసన్ గారు ఆత్రంలో కూర్చున్నారు. తల వెనక్కి ఆనించారు. పాట మొదటి నుంచి పెట్టాడు ఆనందరాజ్. ఆయన కళ్ళు మూతలు పడ్డాయి. ముఖం చూస్తేనే తెలిసింది, గొంతు వచ్చి నడుమ నిలబడిందని.

"వచ్చేసింది! నట్టనడుమ నిలబడిండాది!" అన్నారు, సంతోషంలో తెలుగు వచ్చేసింది.

"ఎవురు పాడింది సీనివాసా?" అన్నాడు పెద్దల్లో ఒకాయన.

"మన పెద్దోళ్ళ పాట్టు మామా. మా నాయిన కాలంలో మా ఇంటి ఆడోళ్ళు పాడతా ఉండ్రి."

ఆనందరాజ్ గుమ్మం దగ్గరికి పోయినవాడు ఆగాడు. ఆ ఇంట్లో మొదటిసారి తెలుగు ఒళ్ళు మరిచి మాట్లాడాడు. ఈసారి ఒళ్ళు తెలిసే మాట్లాడాడు.

"పాడింది మా అమ్మ. పేరు ముత్తుప్పేచ్చి. కడంబూరు కాలనీ. ఈయన పుంజలో ముప్పై ఏండ్లు పత్తి ఏరింది. కడా లైను కొంచం నిదానంగా వినండి, అది మీ కోసరమే పాడింది."

మూటలు మీ ఇంటికి, ముండ్లు మా చేతికి, అంది అమ్మ గోడ ముందు నిలబడి.

సీనివాసన్ గారి తల తేలు కుట్టినట్టు తుండు మీదనుంచి లేచింది. మెడ వెనక చెయ్యి పెట్టి తుడుచుకున్నారు. తుడుచుకున్నానని ఆయనకే తెలియదు, కానీ ముగ్గురూ చూశారు. పెద్దలు కిటికీ వైపు తిరిగారు. కుర్చీ అంచున కూర్చుని, గొంతు సవరించుకుని, ఆయన తమిళంలో అడిగారు.

"వేరే దారి ఏదీ లేదా?"

"ఉండాది. షెడ్డులో ఉండే కుర్సీని మీదికి తెప్పించండి."

ఆనందరాజ్ బల్ల దగ్గరికి పోయి టాబ్లెట్ తీసుకున్నాడు. అమ్మ పాట పేరు మీద వేలు పెట్టి నొక్కి పట్టాడు. తీసేయనా, వద్దా అని తెర అడిగింది. అప్పుడే పాట ముగిసి, మళ్ళీ మొదలైంది. కాకి కూత, గాజుల చప్పుడు, గింజ పళ్ళెంలో పడింది. అమ్మ ఊపిరి పీల్చుకుంది, పాడటానికి.

పాడబోతున్న తల్లి నోరు ఏ కొడుకు మూస్తాడు? ఇంటి దగ్గర క్యాసెట్ ఉంది, అక్కడా ఈ పాటే ఉంది, తెలుసు. అయినా వేలు కదల్లేదు. టాబ్లెట్ బల్ల మీద పెట్టేసి మెట్లు దిగాడు.

బండి తీస్తుంటే పాలసామి వెనకాలే వచ్చాడు. టీవీ తెరను లాగే పొడుగు కర్ర అతని చేతిలో ఉంది. కర్ర కొసన తుండు వేలాడుతోంది.

"సార్ ఇచ్చి రమ్మన్నారు" అన్నాడు, ముఖం చూడలేక.

ఆనందరాజ్ కర్ర కొసనుంచి తుండు తీసుకున్నాడు. దులిపి భుజం మీద వేసుకున్నాడు. పైన కిటికీలోంచి పాట వినిపిస్తూనే ఉంది. మధ్యలో పోతే అమ్మను ఒంటరిగా వదిలినట్టు అవుతుందని, ముగిసే దాకా ఎండలో నిలబడ్డాడు. ముగిసింది. మళ్ళీ మొదలైంది. ఇంక అది ముగిసేది కాదని అర్థమై బండి ఎక్కాడు.

కోవిల్‌పట్టిలో ఇంటి గడప దగ్గర పరమేశ్వరి ఎదురొచ్చింది.

"అత్తను తీసుకొస్తివా?"

ఆనందరాజ్ తుండు తీసి దండెం మీద వేశాడు. చాలాసేపు దాని వైపే చూశాడు.

"లేదు" అన్నాడు. "ఇంకా వాళ్ళింట్లోనే వేల సేస్తా ఉండాది."